నాలుగో చరణం

శనివారం పగలు పదకొండు గంటల వేళ, మార్కాపురం సబ్‌జైలు గుమ్మంలో, మేజిస్ట్రేటు గారి చీటీ చేత పట్టుకుని నతానియేలు నిలబడి ఉండగా మనం అతన్ని వదిలి వచ్చాం. లోపల ఆడవాళ్ళ గదిలో నాగేంద్రమ్మ ఉంది. సోమవారం మేజిస్ట్రేటు గారి ముందు ఆమె కేసు తొలి విచారణ.

కేసు సంగతి రెండు మాటల్లో గుర్తు చేసుకుందాం. పెద్దదోర్నాలలో శ్రీశైలం పోయే యాత్రికులకు అన్నం వండిపెట్టే పూటకూళ్ళమ్మ నాగేంద్రమ్మ. నాలుగేళ్ళుగా ఆమె ఇంట్లో ఉంటున్నవాడు కొండలరావు, అడవిలో వెదురు కొట్టే కూపుల మేస్త్రీ. మొన్న ఆషాఢంలో ఒక సాయంత్రం అతను ఆ ఇంటి నులకమంచం మీద చచ్చిపడి ఉన్నాడు. కడుపులో విషం ఉందని డాక్టరు రాశాడు. పోలీసులు వచ్చేసరికి నాగేంద్రమ్మ శవం పక్కన కూర్చుని పాట పాడుతోంది. ఏడవలేదు, పారిపోలేదు. హెడ్డు కానిస్టేబులు ఆ పాటను మూడు చరణాలుగా రాసుకుని, నేరం ఒప్పుకున్నట్టేనని కేసులో కలిపాడు.

ఆ కాగితాలు కర్నూలు సెషన్సు జడ్జీ దొర ముందుకు పోవాలంటే ఇంగ్లీషులోకి మారాలి. ఆ పని తాలూకా కచేరీలో తర్జుమా గుమాస్తా అయిన నతానియేలుది. రాచర్ల పక్క పల్లెలో బోధకుడి కొడుకు, మిషను బడిలో చదివి ఇరవయ్యేళ్ళకే కచేరీలో కుర్చీ సంపాదించినవాడు, ఇప్పుడు ఇరవై ఆరు. సాక్షుల వాఙ్మూలాలన్నీ రెండు రోజుల్లో ముగించాడు. పాట దగ్గర ఆగిపోయాడు.

హెడ్డు రాసుకున్న పాట ఇది:

వెన్నెలంటి వాడనీ వెనకెనక పోతినే
ఎండల్లె కాల్చితే నీడనుకొంటినే

కొంగులో మూటగట్టి కొరివి దాచుకొంటినే
ఇల్లంటుకొన్నాక దీపమనుకొంటినే

మందు పెట్టిన చేతికే ముద్దు పెట్టుకొంటినే
మత్తు దిగి చూస్తినే, మనిషే లేడమ్మా

పోలీసుల అర్థం సూటిగా ఉంది. మందు అంటే విషం. పెట్టిన చెయ్యి ఆమెదే. మనిషే లేడంటే చచ్చాడని. నతానియేలుకు ఆ అర్థం మింగుడు పడలేదు. ఎవరి చెయ్యో తెలుగు చెప్పదు. ఇంగ్లీషులో 'నా చెయ్యి' అనో 'వాడి చెయ్యి' అనో రాస్తే తప్ప వాక్యం నిలబడదు. 'నా' అని రాస్తే ఆ ఒక్క మాట ఆమె మెడకు ఉరితాడవుతుంది. అందుకే ముద్దాయిని అడిగి అర్థం తెలుసుకోవడానికి అనుమతి అడిగాడు. అరవదేశం నుంచి కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు గారు, పల్లెపాటల తెలుగు తనకూ అందదని ఒప్పుకుని చీటీ రాసిచ్చారు.

ఆడవాళ్ళ గదికి కాపలా జహరాబీ. అరవై ఏళ్ళ మనిషి, ఆమె మొగుడు ఇక్కడి పలకల గనుల్లో పనిచేసి దుమ్ము దగ్గుతో పోయాడు. చీటీ చూసి తాళం తీసి, నతానియేలుకు ఒక పీట వేసి, తాను గడపలో కూర్చుని వక్కలు కత్తిరించుకోసాగింది.

నాగేంద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ళుంటాయి. పొయ్యి దగ్గర బతికిన మనిషి చేతులు ఆమెవి, మోచేతుల దాకా చిన్నచిన్న కాలిన మచ్చలు. అతను వచ్చిన పని చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు. మళ్ళీ చెప్పాడు. ఇంగ్లీషుకు చెయ్యి ఎవరిదో తెలియాలని, అది ఆమె నోటితోనే వినాలని చెప్పాడు.

"నాదని రాస్తే ఏమయితాది?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం అతనికి ఇష్టం లేకపోయింది. ఉరి పడవచ్చునన్నాడు.

"అట్లే రాసుకోండి, అయ్యా."

ఇటువంటి జవాబుకు అతను సిద్ధపడి రాలేదు. కాగితం మడిచి లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. పీట కాస్త దగ్గరకు జరుపుకుని, ఆమె చెప్పినదల్లా రాయడం తన పని కాదని, పాటలో ఉన్నది రాయడమే తన పని అని, పాట అట్లా చెప్పడం లేదని నిదానంగా అన్నాడు. మొదటి చరణం చదివి, ఎండను నీడ అనుకోవడమేమిటని అడిగాడు.

నాగేంద్రమ్మ నోరు తెరిచింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆగకుండా చెప్పింది. కొండలరావు ఆమె హోటలుకు మొదటిసారి వచ్చిననాడు, ఇంత కమ్మగా పప్పు వండే చెయ్యి తన తల్లి తర్వాత ఇదేనన్నాడట. అప్పటికి ఆమె మొగుడు పోయి రెండేళ్ళు. ఆ మాట మీదే ఆరు నెలలు బతికింది. ఇంట్లో చేరిన తర్వాత, యాత్రికులతో నవ్వి మాట్లాడిందని మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నా మీద ఎంత ప్రాణం అని మురిసింది. చూడవచ్చిన ఆమె చెల్లెలిని గుమ్మం నుంచే తిప్పి పంపాడు. నాకు ఎవరూ అక్కర్లేదు, నేనొక్కణ్ణి చాలునంటున్నాడని మళ్ళీ మురిసింది. తర్వాత కొట్టాడు. కొట్టిన రాత్రి ఆమె కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు కోసం దెబ్బలు కూడా ఇష్టమైపోయాయి.

"ఎండలో నిలబెట్టి, నా నీడలో ఉండావు అన్నాడు. నేనూ అవునంటిని," అంది నాగేంద్రమ్మ.

నతానియేలు రాసుకుంటున్నాడు. కొరివి సంగతి అడగాల్సిన పని లేకపోయింది. కాలుతున్న ఇంట్లో కూర్చుని ఎంత వెలుగు అనుకున్న ఆడమనిషిని అతను కళ్ళముందే చూస్తున్నాడు. ఇక మిగిలింది మూడో చరణం. మందు ఏమిటని అడిగాడు.

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "ఆ మందు నోట్లో పోసేది కాదయ్యా. చెవిలో పోసేది. వాని నోటి నుంచి నా చెవిలోకి. రోజూ ఇంతింత. అది లేని దినం నాకు ఒళ్ళు పట్టుతప్పేది."

"అయితే చెయ్యి అతనిది."

"వానిదే. ముద్దు పెట్టుకున్నది నేను."

"మనిషే లేడు అంటే?"

"లేడంటే లేడు. చచ్చినాడని కాదు. మత్తు దిగినాక చూస్తే ఆడ మనిషి అనేవాడు ఎప్పుడూ లేడు. నేను ప్రేమించింది నా తలకాయలో ఉండేవాణ్ణి. మంచం మీద పడుకునేది వేరేవాడు."

నతానియేలు రాసుకున్నది మళ్ళీ చదువుకున్నాడు. పాట మొత్తం ఒక్కసారి తిరగబడినట్టయింది. ఇది ఖూనీ ఒప్పుకోలు కాదు. ప్రేమ అనుకున్నది ప్రేమ కాదని తెలిసిన తర్వాత ఒక ఆడమనిషి తన మీద తాను చెప్పుకున్న తీర్పు. అది జడ్జీ దొరకు అర్థమయ్యేలా రాయగలిగితే ఈమె బయటపడుతుంది. అతనికి ఉత్సాహం వచ్చింది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. కాగితం మీద పాదాలు సరిగ్గా విరగడం లేదు. ఎక్కడ ఆపి ఎక్కడ ఎత్తుకోవాలో తెలిస్తే ఇంగ్లీషులోనూ అట్లాగే విరవవచ్చు. ఒక్కసారి పాడి వినిపించమని అడిగాడు.

నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, మొదటి చరణం అందుకుంది.

రెండో పాదం చివర్లో, 'నీడను' అన్న తర్వాత, ఆమె గొంతు ఆగింది. లోపలికి చిన్నగా ఊపిరి పీల్చి, ఆ ఊపిరి మీదనే స్వరం పైకెత్తి 'కొంటినే' అంది. రెండో చరణంలోనూ అక్కడే ఆగింది. అట్లాగే ఎత్తింది.

నతానియేలు కలం పక్కన పెట్టాడు.

ఆ వరుస అతనికి తెలుసు. అది అతని తండ్రి సత్యానందం కట్టిన వరుస. కరువు సంవత్సరం, తప్పిపోయిన గొర్రెను వెదికే కాపరి మీద ఆయన ఒక కీర్తన రాసుకుని తమ పల్లె గుడిసె చర్చిలో పాడించాడు. అచ్చు కాలేదు, ఇంకో ఊళ్ళో ఎవరూ పాడలేదు. సత్యానందానికి ఉబ్బసం. రెండో పాదం చివర్లో ఆయనకు ఊపిరి అందేది కాదు. ఆగి, పీల్చుకుని, మిగతాది ఎత్తుకునేవాడు. పిల్లలు అది కూడా వరుసలో భాగమే అనుకుని, ఊపిరి చాలినా చాలకపోయినా, అక్కడే ఆగి అట్లాగే ఎత్తేవారు. ఆ పిల్లలకు ముందు నిలబడి పాడించింది నతానియేలు అక్క సుశీలమ్మ.

తొమ్మిదేళ్ళ కింద, పంతొమ్మిదేళ్ళ వయసులో సుశీలమ్మ ఇల్లు విడిచి పోయింది. రోడ్డు పని మీద వచ్చిన ఒక మేస్త్రీ నాలుగు ఆదివారాలు చర్చి వెనక నిలబడి ఆమె గొంతు మెచ్చుకున్నాడు. అయిదో ఆదివారం ఇద్దరూ లేరు. నతానియేలు అప్పుడు మార్కాపురం హాస్టల్లో ఉన్నాడు, ఆ మనిషిని చూడనే లేదు. ఏడాదికి యర్రగొండపాలెం నుంచి ఒక కార్డు వచ్చింది. సుశీల కలరా తగిలి పోయిందని, మట్టి చేశామని. కింద సంతకం 'కె. రావు'. తండ్రి ఆ కార్డును పొయ్యిలో వేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ పలకలేదు.

చచ్చిపోయిన అక్క ఊపిరి ఇప్పుడు ఈ గదిలో వినిపించింది.

ఈ పాట ఎవరు నేర్పారని అడిగాడు. తానే కట్టుకున్నానని నాగేంద్రమ్మ చెప్పింది. అబద్ధమని అతను అన్నాడు. ఆమె గోడ వైపు తిరిగిపోయింది.

గడపలోంచి జహరాబీ తల ఎత్తకుండా అంది. "ఇంకోటి ఉంది, సాబ్. నాలుగోది. తెల్లారుజామున మసక చీకట్లో తనలో తాను పాడుకుంటాది. మీ కాగితంలో లేదు అది."

నాగేంద్రమ్మ ఆమె వైపు కోపంగా చూసింది. నతానియేలు పీట మీద నుంచి దిగి ఆమెకు ఎదురుగా బండల మీద కూర్చున్నాడు. కచేరీ గుమాస్తాగా అడగడం లేదన్నాడు. ఈ వరుస తమ ఇంటిదని, తమ నాయన ఆయాసంతో కట్టినదని చెప్పాడు. చెప్పడం పూర్తి కాకముందే ఆమె అతని నుదురు, ముక్కు, కనుబొమలు ఒక్కొక్కటే వెదికినట్టు చూసింది.

"ఈ పాట పాడిన ఆయమ్మ నీకు ఏమయితాది?"

"అక్క," అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఊగింది. తర్వాత నాలుగో చరణం పాడింది.

చెల్లెలా నీ వాకిట చెప్పులిడిచినోడే
తియ్యని మాటలకు తలుపు తియ్యమాకే

రెండేళ్ళ కింద శివరాత్రికి, యాత్రికుల వెంట ఒక బక్కపలచని మనిషి ఆమె హోటలుకు వచ్చిందట. ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. విస్తరాకులు కుట్టిపెడతాను, మూడు పూటలా అన్నం పెట్టమంది. మూడు రోజులుంది. కొండలరావు అప్పుడు కూపులో ఉన్నాడు. వెనక దొడ్లో ఆకులు కుడుతూ ఈ పాట పాడేది, నాలుగో చరణం వచ్చినప్పుడు చెయ్యి ఆపి నాగేంద్రమ్మ వైపు చూసేది. మూడో రోజుకు నాగేంద్రమ్మకు సంగతి తెలిసింది. ఈమె వాని పాత మనిషి. నా మొగుణ్ణి మళ్ళీ లాక్కుపోవడానికి వచ్చింది అనుకుంది. తింటున్న విస్తరిని కాలితో తన్ని, జుట్టు పట్టి వాకిట్లోకి గెంటింది. ఆ మనిషి ఎదురు తిరగలేదు. అన్నం మెతుకులు చీర మీద నుంచి దులుపుకుని, పాట గుర్తు పెట్టుకో చెల్లీ అని వెళ్ళిపోయింది.

"మరవాలనుకున్నా. మరుపు రాలేదు. ఒక్కొక్క చరణం నా ఇంట్లో జరుగుతా వచ్చె. జరిగినప్పుడల్లా ఆయమ్మ గొంతు వినపడేది," అంది నాగేంద్రమ్మ. శవం దగ్గర ఎందుకు పాడావని అడిగితే, ఏడుపు కోసం చూశానని, పాటే వచ్చిందని చెప్పింది.

నతానియేలుకు దుఃఖం, సంతోషం ఒకేసారి వచ్చాయి. అక్క బతికే ఉంది. కార్డు మీద సంతకం పెట్టిన 'కె. రావు' ఈ కొండలరావే. పాట అక్కది. నాలుగో చరణం కోర్టులో చదివితే చాలు. చెల్లెలా అని పిలిపించుకున్నది ఈమె, పిలిచినది వేరొకరు. శవం దగ్గర పాడింది రెండేళ్ళ కింద ఇంకొకరు కట్టిన పాట. ఒప్పుకోలు అన్న మాట అక్కడితో చెల్లకుండా పోతుంది. అదే ఆమెకు చెప్పాడు.

నాగేంద్రమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "రాయమాకు, తమ్ముడూ."

అతనికి అర్థం కాలేదు. ఆమె జహరాబీ వైపు చూసింది. జహరాబీ వక్కల పళ్ళెం తీసుకుని లేచి, నాలుగు అడుగులు అవతలకు పోయి ఎండలో నిలబడింది. అప్పుడు నాగేంద్రమ్మ చెప్పింది. కొండలరావు పోయిన రోజు మధ్యాహ్నం ఆ మనిషి మళ్ళీ వచ్చింది. ఈసారి నాగేంద్రమ్మ తలుపు తీసి, కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి అన్నం పెట్టింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అంతలో వీధి గుమ్మంలో కొండలరావు చెప్పుల చప్పుడు అయింది. తాగి వచ్చాడు. దాహం అని అరిచాడు. నాగేంద్రమ్మ పొయ్యి మీద అన్నం దించుతోంది. తిరిగి చూసేసరికి మజ్జిగ చెంబు అతని చేతిలో ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది. పీట మీద ఎవరూ లేరు.

"ఆ చెంబు వాడే ముంచుకున్నాడా, ఆయమ్మ ఇచ్చిందా, నేను చూడలేదు." ఆగి, నేల చూస్తూ అంది. "చూడలేదనే అనుకుంటా. నువ్వు నాలుగో చరణం రాస్తివా, పాట కట్టినది ఎవరు అంటారు. ఏడ ఉందంటారు. ఒకపారి ఆయమ్మను నా వాకిట్లోంచి గెంటినా. రెండోపారి గెంటలేను."

జైలు బయటికి వచ్చాక నతానియేలు ఎటు నడిచాడో అతనికే తెలియదు. గుండ్లకమ్మ వైపు పోయే దారిలో, పలకలు చెక్కే పాకల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఉలి దెబ్బలన్నీ ఆ వరుసకే పడుతున్నట్టు అనిపించింది. రెండో పాదం చివర్లో అవి ఎక్కడ ఆగుతాయా అని చెవి అదే పనిగా కాచుకుంది.

ఆదివారం ఆరాధనలో అతను పెదవి కదపలేదు. అది చూసింది అతని భార్య ప్రేమకుమారి. ఆడపిల్లల బడిలో పంతులమ్మ, పెళ్ళయి మూడేళ్ళు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎదురుగా కూర్చుని ఏమయిందని అడిగింది. అతను బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకదానిలో మూడు చరణాలు, ఒకదానిలో నాలుగు. మొత్తం చెప్పాడు.

"మీకు అక్క ఉందా?" అంది ఆమె. ఉరి గురించీ, విషం గురించీ తర్వాత అడిగింది. మొదట అడిగింది అదే. "మామగారి బైబిల్లో మీ పేరు పైన ఒక పేరు కొట్టేసి ఉంటే, ఏందని అడిగినా. రాతలో తప్పు పడిందన్నారు మీరు."

ఆమె కోపగించుకోలేదు. రెండు కాగితాలూ చదివింది. మూడు చరణాలు పంపితే ఏమవుతుందని అడిగింది. 'వాడి చెయ్యి' అని తాను ఎంత రాసినా పోలీసుల అర్థం పోలీసులకు ఉంటుందని, కర్నూలులో జడ్జీ ఏది నమ్ముతాడో చెప్పలేమని అతను చెప్పాడు. నాలుగు పంపితే అక్కను వెదుకుతారు. అక్క ఆ చెంబు ముట్టిందో లేదో దేవుడికే తెలుసు. తన అక్క చేసి ఉండదని అనబోయి ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళ కింద హాస్టలుకు జంతికలు మూటగట్టి పంపిన అమ్మాయి అతనికి తెలుసు. చెవి తెగిన ఆ మనిషి తెలియదు.

ప్రేమకుమారి నాలుగు చరణాల కాగితం అతని ముందుకు జరిపింది. "మామగారు పేరు కొట్టేసినారు. మీరు చరణం కొట్టేస్తే ఆమెను రెండుసార్లు చంపినట్టు. ఆమె ఎందుకు కట్టిందో ఆ మాట అందులోనే ఉంది గదా."

సాయంత్రానికి అతను నాలుగు చరణాల కాగితానికి సంతకం పెట్టాడు. అడిగితే పేరు చెప్పాలని, దాచకూడదని నిశ్చయించుకున్నాడు.

సోమవారం కచేరీ వరండా దోర్నాల జనంతో నిండిపోయింది. కూపు కూలీలు, హోటళ్ళవాళ్ళు, ఆడవాళ్ళు ఒక పక్కగా. నాగేంద్రమ్మను బోనులో నిలబెట్టారు. ఆమె నతానియేలు వైపు చూడలేదు. సాక్షుల వాఙ్మూలాల తర్వాత మేజిస్ట్రేటు గారు పాట కాగితం తీసి, తర్జుమాదారునే చదవమన్నారు. అతను ఒక్కో చరణం తెలుగులో చదివి, ఇంగ్లీషు చెప్పి, అర్థం వివరించాడు. మందు చెవిలో పోసేదని చెప్పినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరిదో నిట్టూర్పు వినిపించింది. నాలుగో చరణం కూడా చదివాడు.

మేజిస్ట్రేటు గారు పోలీసు కాగితంతో పోల్చి చూశారు. ఈ చరణం ఇందులో లేదే అన్నారు. శనివారం ముద్దాయి నోట విన్నానని, అది ముద్దాయితో ఇంకొకరు చెబుతున్న మాట అని నతానియేలు చెప్పాడు.

"అయితే ఈ పాట కట్టినది ఎవరు?"

అతను జవాబు చెప్పబోయాడు. అంతలో బోనులోంచి నాగేంద్రమ్మ మాట్లాడింది. పాట తనదేనని, గుమాస్తా అయ్య నాలుగో చరణం సరిగ్గా వినలేదని, తాను పాడి వినిపిస్తానని అంది. పోలీసు ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపి, పాడనిచ్చారు.

చెల్లెలా నా వాకిట చెప్పులిడిచినోడే
తియ్యని మాటలకు తలుపు తియ్యనైతినే

రెండే మాటలు మార్చింది. ఎవరో తనకు చేసిన హెచ్చరిక, తానే పగబట్టి మూసిన తలుపు అయిపోయింది. కట్టినదీ తానే, కడతేర్చినదీ తానే అన్నట్టయింది. వరండాలో గుసగుస లేచింది. ఇన్‌స్పెక్టరు తల ఊపి ఏదో రాసుకున్నాడు.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తర్జుమాదారు వైపు తిరిగారు. "మీ కాగితంలో 'నీ వాకిట' అని ఉంది. ఈమె 'నా వాకిట' అని పాడింది. శనివారం మీరు విన్నది ఏది? ప్రమాణం మీద చెప్పాలి."

నతానియేలు తల ఎత్తాడు. ఎదురుగా, వరండా స్తంభం పక్కన, దోర్నాల ఆడవాళ్ళకు కాస్త ఎడంగా ఒక మనిషి నిలబడి ఉంది. నెత్తి మీద విస్తరాకుల కట్ట ఇంకా దించలేదు. మొహం ఎండి పీక్కుపోయింది, వయసుకు మించిన ముసలితనం కమ్మింది. అయినా పోల్చుకోవడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు.

ఆమె సూటిగా అతన్నే చూస్తోంది. నెత్తి మీద కట్టకు ఒక చెయ్యి ఆనించి, మెల్లగా తల అడ్డంగా ఆడించింది.

వద్దు అంటోంది. నా పేరు చెప్పవద్దనా, లేక నా కోసం అబద్ధం చెప్పవద్దనా? ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మాటలకు అర్థాలు రాసిన మనిషికి, తోడబుట్టిన అక్క తల ఒక్కసారి ఆడిస్తే అర్థం తెలియలేదు.

మేజిస్ట్రేటు గారు రెండోసారి అడిగారు.